మగ్గం గోడకు పట్టిన చెమ్మ

ఆ గోడ మీద నేను గీసిన మొదటి పెన్సిలు గీత నేల నుంచి పద్నాలుగు అంగుళాల ఎత్తున పడింది. చెమ్మ అంతవరకు ఎక్కిందని గుర్తు. పక్కన తేదీ వేశాను. భాద్రపదంలో ఆ గదిలోకి వచ్చాను. వానలు కురిసినన్నాళ్లూ గీత పద్నాలుగు దాటలేదు. వానలు వెనకపట్టాక పదిహేనున్నర అయింది. దీపావళి నాటికి పద్దెనిమిది. వాన పోయాక చెమ్మ ఎక్కే గోడను నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అది కరీంనగర్‌లో నేతకారుల వాడలోని ఒక పెంకుటిల్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి మూడేళ్లు దాటింది. నేను హైదరాబాదులో సివిల్ డిప్లొమా ముగించుకొని, కాలువల దఫ్తరులో టెంపరరీ ట్రేసరుగా చేరాను. బెల్లంపల్లిలో బొగ్గుబాయిలో పనిచేసే మా నాన్న, మా మాటలో బాపు, నన్ను అంతదాకా చదివించాడు. నా తర్వాత ఇంకా ముగ్గురు తోబుట్టువులున్నారు. పెళ్లికాని వాళ్లకు ఇల్లిచ్చే వాళ్లు ఆ ఊళ్లో తక్కువ. నేతాయన ఇచ్చాడు. ఇంట్లో రెండు గదులు, వెనక వంటిల్లు. ఒక గదిలో ఆయన మగ్గం. రెండో గది నాది. మధ్యలో ఒకే మట్టిగోడ, ఒకటిన్నర అడుగుల మందం, పైన సున్నం.

నా గదిలోని సామాను చెబుతాను. ఒక నులక మంచం. రెండు రేకు పెట్టెలు. ఆ పెట్టెల మీద అడ్డంగా వేసిన పాత తలుపు రెక్క, అదే నా బల్ల. ఒక కిరోసిన్ స్టవ్వు. డ్రాయింగు సామాను ఉన్న మఖమలు డబ్బా, డిప్లొమాలో చేరిన రోజు బాపు కొనిచ్చింది. వీటన్నిటికంటే విలువైనవి గొట్టంలా చుట్టి పెట్టుకున్న ట్రేసింగ్ గుడ్డలు.

ట్రేసింగ్ గుడ్డ సంగతి తెలియని వాళ్లకు రెండు మాటలు చెప్పాలి. అది సన్నటి నూలు బట్ట. దానికి గంజి దట్టించి, నునుపు చేసి, కింద పెట్టిన పటం పైకి కనిపించేంత పలచగా తయారు చేస్తారు. అసలు పటం మీద దాన్ని పరచి, చుట్టుకుపోకుండా అంచుల మీద ఇటుకలు పెట్టి, నల్లసిరాతో గీతలు దించుతాం. తర్వాత ఆ గుడ్డను మందు పూసిన కాగితం మీద పెట్టి ఎండలో ఉంచితే నీలం ప్రింటు వస్తుంది. గుడ్డ మీద మచ్చ ఉంటే ప్రింటులో ఆ మచ్చ కూడా వస్తుంది. వాగులో లేని బండ ఉన్నట్టు కనిపిస్తుంది. నీళ్లు తగిలితే గంజి కరిగి గుడ్డ మామూలు పాతపేలిక అవుతుంది. చెమ్మ తగిలితే గంజికి బూజు పడుతుంది.

మా దఫ్తరులో పెద్ద బల్ల ఒకటే ఉండేది. అది సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌ది. అందుకని టెంపరరీ వాళ్లం ఇద్దరం పటాలు ఇంటికి తీసుకుపోయి గీసుకోవచ్చునని ఇంజనీరు గారు ఒప్పుకున్నారు. ఒక వాగు మీద కట్టబోయే ఆనకట్ట, దాని కాలువల పటాలు నా వంతుకు ముప్పై రెండు వచ్చాయి. ఉగాదికి అన్నీ హైదరాబాదు పోవాలి. ఆ తర్వాత ఒక్క పోస్టే మిగులుతుంది. “పని చూసి ఒకరిని ఉంచుకుంటాను” అని ఇంజనీరు గారు మా ఇద్దరినీ నిలబెట్టి చెప్పారు. అంటే నా బతుకు ఆ ముప్పై రెండు గుడ్డల మీద ఉంది. ఆ గుడ్డలు ఆ గోడకు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి.

క్లాసులో గోడ చెమ్మకు ఆరు కారణాలు చెప్పారు. నోటు పుస్తకంలో వరసగా రాసుకొని ఒక్కొక్కటే కొట్టేశాను. పెంకులు కారడం: నిచ్చెనేసి చూశాను, కారడం లేదు. చూరునీళ్లు గోడకు కొట్టడం: ఇది ఇంటి లోపలి గోడ, దీనికి వానే తగలదు. మురికి కాలువ: అది వీధి వైపు, ఇరవై అడుగుల అవతల. బావి: పెరట్లో, ఇంకా దూరం. స్నానాల బండ: వంటింటి వెనక. ఆరోది భూమిలోని ఊట. భూమిలోని ఊట అయితే నాలుగు గోడలకూ ఎక్కాలి, దీనికొక్కదానికే ఎందుకు ఎక్కుతుంది? ఆరూ కొట్టేశాక పుస్తకంలో ఏమీ మిగల్లేదు.

ఏడో కారణం అవతలి గదిలో ఉండొచ్చని నాకు తోచనే లేదు. అవతల మగ్గం ఉంది, నూలుంది, నేసిన చీరలున్నాయి. గుడ్డ ఉన్నచోట నీళ్లెవరు పెడతారు? పైగా నేను ఆ ముసలాయన మీద జాలిపడేవాణ్ణి. పాపం ఆయన వైపు కూడా ఇంతే చెమ్మ ఎక్కుతుంటుంది, పైకి చెప్పుకోవడం లేదు అనుకునేవాణ్ణి. ఇల్లు తక్కువ కిరాయికి ఇచ్చిన మనిషికి గోడ బాగాలేదని చెప్పడం నాకు మొహమాటమనిపించింది. డిప్లొమా చదివినవాణ్ణి, నేనే బాగు చేసుకోలేనా అనే గర్వం కూడా ఉంది.

ఆయనకు అరవై దగ్గర ఉంటాయి. నేను పెద్దబాపు అనేవాణ్ణి, ఆయన భార్యను పెద్దవ్వ అనేవాణ్ణి. తెల్లవారక ముందే మగ్గం మొదలయ్యేది. గోడ అవతల నుంచి దారం మోసే నాడె అటూ ఇటూ పోయే చప్పుడు, నేతను బిగించే పలక దెబ్బ, మళ్లీ నాడె. ఆ చప్పుడుకే నేను లేచేవాణ్ణి. దారం తెగినప్పుడు చప్పుడు ఆగేది. ఆయన దారం కలిపాక మళ్లీ మొదలయ్యేది. కొలిచే అలవాటున్నవాణ్ణి కాబట్టి అది కూడా లెక్కపెట్టాను. పొద్దటి నుంచి మధ్యాహ్నం దాకా ఆరు, ఏడు సార్లు ఆగేది. అంతే. ఆయన అంత సన్నటి నూలు మీద పనిచేస్తున్నాడని అప్పట్లో నాకు తెలియదు.

మార్గశిరంలో గీత ఇరవై ఆరు అంగుళాలకు ఎక్కింది. పుష్యంలో ఒక శనివారం ముసలివాళ్లిద్దరూ చుట్టాల ఊరికి పోతున్నారు. “గోడ అడుగు భాగం జర బాగు చేసుకోవాల్నా?” అని అడిగాను. “నీ ఇష్టం సారూ, నీ ఇల్లే అనుకో” అని ఆయన పోయాడు. సిమెంటు పర్మిట్ మీద దొరికే రోజులవి. ఒక మేస్త్రీ దగ్గర మిగిలిన బస్తా ఒకటి కొనుక్కొచ్చాను. అందులో సగం వాడి, సున్నం గీకేసి, నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా ముప్పావు అంగుళం మందాన పూత పూశాను. నా చేత్తో. కర్రతో మట్టం చూసి మరీ. ఆ పూత ఎంత నున్నగా వచ్చిందంటే ఆదివారం సాయంత్రం దాని ముందు కూర్చొని చాలాసేపు చూశాను.

సోమవారం ముసలాయన వచ్చి చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. వేళ్లతో తట్టి చూశాడు.

“మంచిగనే జేసినవ్ సారూ. గని మట్టిగోడకు గాలి ఆడాలె. నోరు మూసినవ్. ఇగ ముక్కుతోని పీలుస్తది.”

“ఊకో” అంది పెద్దవ్వ వెనక నుంచి. “పిలగాడు ఒక్కడే రెండు దినాలు కష్టపడి జేసిండు. మెచ్చుకోక మొట్టికాయలు పెడ్తవేంది?”

నేను నవ్వాను. పల్లెటూరి మాట అనుకున్నాను. మూడు వారాలకు సిమెంటు అంచు దాటి, పైనున్న సున్నంలో నల్లగా పొక్కులు లేచాయి. కొత్త గీత నలభై ఒకటి. లోపలున్న చెమ్మకు బయటికి ఆరే దారి మూశాను కాబట్టి అది పైకి పోయి దారి వెతుక్కుంది. ముసలాయన చెప్పినట్టే, ముక్కుతో పీల్చింది.

ఆ రోజు పెట్టె తెరిచి చూశాను. ఇరవై మూడు షీట్లు అప్పటికి పూర్తయి ఉన్నాయి. పదకొండింటికి బూజు పట్టింది. కొన్నిటికి అంచుల్లో, కొన్నిటికి నడిమధ్యలో, మిరియాల గింజలంత మచ్చలు. ఆనకట్ట నడుమ ఒక మచ్చ. వేలితో తుడవబోతే గంజి జిగటగా అంటింది. వెంటనే చెయ్యి తీసేశాను. ఉగాదికి ఏడు వారాలుంది. తొమ్మిది కొత్తవి గీయాలి, పదకొండు మళ్లీ గీయాలి. వారానికి రెండు కంటే ఎక్కువ నా వల్ల కాదు. పద్నాలుగు అవుతాయి. ఆరు మిగిలిపోతాయి. ఈ లెక్కను మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఆరే మిగిలాయి.

మర్నాడు మధ్యాహ్నం స్కేలు మరచిపోయి ఇంటికొచ్చాను. నా గది తలుపు తీసి ఉంది. లోపల పెద్దవ్వ గోడ పక్కన గొంతుక్కూర్చొని, ఇత్తడి చెంబులోంచి దోసిట్లోకి నీళ్లు తీసుకొని గోడ అడుగున చల్లుతోంది. విత్తనాలు చల్లినంత జాగ్రత్తగా. బల్ల కింద, పెట్టెలకు ఆనించి, తడిపిన గోనెపట్టా మడిచి పెట్టి ఉంది.

“పెద్దవ్వా! ఏం జేస్తున్నవ్?”

నేను అరిచాను. ఆమె మాత్రం తిరిగి చూసి నవ్వింది.

“అచ్చినవా బిడ్డా? నీ గుడ్డ ఎండిపోతుంది గద. గప్పట్నుంచి జూస్తున్న. దాని మీద ఇటుకలు పెడ్తివి, అది మళ్ల సుట్టుకపాయె. సలికాలం గాలి పొడిగాలి. గంజి బట్ట పెళుసుబారి పలుగుతదని నేనే జరంత తడి జేస్తున్న. నువ్వు పొద్దందాక దఫ్తర్ల ఉంటివి. ఎవలు జూస్తరు?”

“రోజూనా?”

“రోజుకు రెండుసార్లు. నీ కాళ్లకు అడ్డమని నువ్వచ్చే యాళ్లకు గోనె తీసేస్త” అంది, ఇంత చిన్న పనికి మెచ్చుకోళ్లెందుకన్నట్టు.

నేను పెట్టె తెరిచి, ఆనకట్ట షీటు తీసి ఆమె ముందు పరిచాను. ఆమె మచ్చలు చూసింది. ముట్టుకోలేదు. ముక్కు దగ్గరికి పెట్టుకొని వాసన చూసింది. మొహం మారిపోయింది.

“గంజి బూజు” అంది మెల్లగా. ఆ తర్వాత గోడవైపు తిరిగి గట్టిగా కేకేసింది. “ఓ ఇనవడ్తుందా? ఇటు రా. మనం పిలగాని కొంప ముంచినం.”

ముసలాయన నోట్లో అన్నం ముద్దతోనే వచ్చాడు. సంగతి విని, షీటునీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

“గంజి పెట్టిన నూలు బట్టకు తడి వద్దా?”

“నా బట్టకు తడి తగిలితే సచ్చినట్టే పెద్దబాపూ.”

“నా బట్టకు తడి లేకుంటే సచ్చినట్టే” అన్నాడాయన. “దా.”

అప్పటిదాకా నేను మగ్గం గదిలోకి పోలేదు. ఆ రోజు పోయాను. నేలంతా చల్లగా ఉంది. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుని నేస్తారు. గుంట అడుగున తడి ఇసుక. మా ఉమ్మడి గోడ పొడవునా నిలబెట్టిన తడి గోనెలు, వాటి పక్కన వరసగా నాలుగు నీళ్ల కుండలు. మగ్గం మీద సాగదీసిన పడుగు, వేల దారాలు, ఒక్కొక్కటీ వెంట్రుక కంటే సన్నం. ఆయన వాకిట్లో ఎండకు పడి ఉన్న ఒక పోగు తెచ్చి నా వేళ్ల మధ్య పెట్టి లాగాడు. టక్కున తెగింది. గదిలోని పోగు ఇచ్చి లాగమన్నాడు. సాగింది, తెగలేదు.

“వానకాలం నీళ్లు పొయ్యం. గాలిలనే ఉంటది. సలికాలం, ఎండకాలం పోస్తం. గిది మా తాతల కాన్నుంచి ఉన్నదే. గీ వాడల ఏ ఇంట్ల జూసినా మగ్గం పక్క గోడ తడిగనే ఉంటది.”

వాన పోయాక చెమ్మ ఎందుకు ఎక్కుతుందో నాలుగు నెలల నుంచి గీతలు గీసుకుంటూ కనుక్కోలేని సంగతి అది. గోడ అవతల ఒక్కసారి తొంగిచూస్తే తెలిసేది.

“మరి గా సిమెంటు ఎందుకు పెట్టినవ్?” అని అడిగాడు ముసలాయన.

“చెమ్మ రావద్దని.”

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మా నీళ్లకు గోడ కరిగిపోతదని పెట్టినవనుకున్నం బిడ్డా. గీమె అయితే దేవునసుంటి పిలగాడు దొరికిండు అన్నది. గా దినం సంది ఇంకో బిందె ఎక్కువ పోస్తుంది.”

ముందు ఆయన నవ్వాడు. తర్వాత ఆమె. చివరికి, పదకొండు షీట్లు చేతిలో పట్టుకొని, నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఆయన అన్నం తినడం కూడా మరచిపోయి అడిగాడు: “ఉగాదికి ఎన్ని దినాలున్నయ్?”

“నలభై ఎనిమిది.”

“రేపు పొద్దుగాల దఫ్తరుకు పోకముందు తే. ఎండ ఎక్కకముందు.”

మర్నాడు వాకిట్లో వేపచెట్టు నీడన రెండు తాళ్లు కట్టి ఉన్నాయి. ఆయన చేతిలో ఒక కుంచె ఉంది. గడ్డి వేళ్లతో కట్టింది, రెండు జానల పొడవు. పడుగుకు గంజి పెట్టాక దారాలు ఒకదానికొకటి అంటుకోకుండా ఆ కుంచెతో దువ్వుతారు. కొత్తది గరుకుగా ఉంటుందని, ఆయన తన మామ వాడిన పాతది వెతికి తీశాడట. వాడి వాడి అది పిల్లి వెంట్రుకంత మెత్తబడింది.

“ముందు పనికిరాని ముక్క ఒకటి ఇయ్యి” అన్నాడు. ఇచ్చాను. వెలుతురుకు పట్టి చూశాడు, నాలుక చివర తాకించి చూశాడు, చెవి దగ్గర నలిపి చప్పుడు విన్నాడు. “మా గంజి కంటె చిక్కన. ఎంట ఏదో మైనం కలిపిండ్రు.” అది నిజమే. ఆ సంగతి మాకు క్లాసులో చెప్పడానికి ఒక పీరియడు పట్టింది.

షీటును బల్ల మీద పెట్టనివ్వలేదు. బల్ల మీద పెట్టి తోమితే బూజు లోపలికి పోతుందట. రెండు తాళ్ల మధ్య వాలుగా కట్టించాడు. పెద్దవ్వ పక్కన నిలబడి చాటతో మెల్లగా విసురుతుంటే, రాలిన బూజు అవతలికి పోయింది. ఆయన కుంచె ఎత్తి ఆగాడు.

“నీ గీతలు ఏ దిక్కు పోయినయ్?”

నాకు ముందు అర్థం కాలేదు.

“పడుగు ఏ దిక్కు, పేక ఏ దిక్కు తెల్వకుంట కుంచె పెడ్తమా?”

చూపించాను. కాలువ గీతలు పొడవున పోయాయి. ఆయన వాటి వెంబడే పై నుంచి కిందికి ఒక్క దువ్వు దువ్వాడు. కుంచె పైకెత్తి, మళ్లీ పై నుంచి. ఒక్కసారి కూడా కింది నుంచి పైకి పోలేదు. “రెండు దిక్కుల తోమితే గంజి లేస్తది” అన్నాడు, కుంచె మీంచి కన్ను తీయకుండా. నా సిరాగీత అర మిల్లీమీటరు మందం. ఆయన కుంచె దాని పక్క నుంచి పోతోంది, దాని మీది నుంచి పోతోంది. గీత చెదరలేదు. మచ్చ మాత్రం ప్రతి దువ్వుకు కొంచెం పలచబడింది. నేను భూతద్దం పెట్టి చూశాను. నలభై ఏళ్లుగా తడి దారాల మీద పోయి ఒక్కటి తెంచకుండా వచ్చిన చెయ్యి అది. నాకు తెలిసిన ఏ పనిముట్టుకూ అంత కచ్చితమైన అడ్జస్ట్‌మెంటు లేదు.

అయిదు రోజులు, రోజుకు రెండు షీట్లు, ఆఖరి రోజు మూడు. తొమ్మిది దక్కాయి. రెండింటిని చూసి కుంచె కింద పెట్టాడు.

“గీ రెండిట్ల బూజు గంజి తిని నూలు దాక పోయింది. తోమితే తొర్ర పడ్తది. ఇయి మళ్ల గీసుకో.”

బతిమాలాను, ఒక్కసారి చూడమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. చేయగలిగింది చేశాడు, కానిది కాదన్నాడు. కొత్తవి తొమ్మిది, మళ్లీ గీయాల్సినవి రెండు, మొత్తం పదకొండు. వారానికి రెండు చొప్పున సరిపోతాయి.

బూజు మళ్లీ రాకుండా ఏం చేయాలో పెద్దవ్వ చెప్పింది. వానకాలంలో గంజికి బూజు పట్టకుండా వాళ్లు చిటికెడు మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేటు, కలుపుతారట. “గంజికి ఆపేది గోడకు ఆపదా?” అంది. నా సిమెంటునంతా ఉలితో కొట్టి తీసేశాను. సున్నంలో మైలుతుత్తం కరిగించి రెండు పూతలు వేశాను. గోడ నెమలికంఠం రంగు తేలింది.

ఇక నీళ్లు. ఆయన ఆ రోజే మా గోడ దగ్గరి కుండలూ గోనెలూ తీసేశాడు. నేనేమీ అడగలేదు. కానీ ఆదివారం పొద్దున బల్ల దగ్గర కూర్చొని గీస్తుంటే అవతల చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది. మళ్లీ ఆగింది. లెక్కపెట్టాను. మధ్యాహ్నానికి ఇరవై ఏడు. ఇదివరకు ఆరు, ఏడు. పెన్ను కింద పెట్టి అవతలికి పోయాను. ఆయన పడుగు మీదికి వంగి, తెగిన రెండు కొసలను నాలుకతో తడిపి, వేళ్ల మధ్య ఒక్క మెలి తిప్పి కలుపుతున్నాడు.

“నీళ్లు పొయ్యి పెద్దబాపూ.”

“పోస్తే నీ పటాలు?”

“తెగుతున్నయ్ గద.”

“తెగితే కలుపుతం. కలుపుడు నాకు పుట్టుకతోని అచ్చిన పని. నీ పటం తెగితే నువ్వేం కలుపుతవ్?” తల ఎత్తకుండానే అన్నాడు. “పో, జర గీసుకో పో. ఫికర్ చెయ్యకు.”

నేను ఇవతలికొచ్చి గీయలేకపోయాను. నోటు పుస్తకం తీసి ఆ గది ప్లాను గీశాను. మగ్గం గుంటకు మా గోడ ఒకవైపు ఉంది. రెండోవైపు పెరటి గోడ. దానికి ఇవతల నాలుగడుగుల ఖాళీ. నీళ్లు ఈ గోడ దగ్గరే పోయాలని ఎక్కడా లేదు. గదిలో గాలి తడిగా ఉంటే చాలు, దారానికి తడి ఏ దిక్కు నుంచి వచ్చినా ఒకటే. పెరటి గోడకు అడుగు ఇవతల, గుంట పొడవునా జానెడు లోతు తొట్టి కట్టి, అందులో ఇసుక నింపి, ఇసుకకు నీళ్లు పట్టిస్తే సరిపోతుంది. ఆ నీళ్లు నేలలోకి దిగకుండా తొట్టి లోపల పూత వేయాలి. మేస్త్రీ దగ్గర కొన్న బస్తాలో సగం మిగిలే ఉంది. సిమెంటు నీళ్లను ఆపుతుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో అప్పటికి నేర్చుకున్నాను.

ప్లాను చూపించాను. ఆయనకు పటాలు చదవడం రాదు. ఒక్క నిమిషం చూసి, నేల మీద కాలి బొటనవేలితో అదే గీశాడు. “గీడనా?” అన్నాడు. సరిగ్గా అక్కడే. ఒక్క మార్పు చెప్పాడు. తొట్టిని గుంట అంచు కంటే రెండు వేళ్లు ఎత్తున ఉంచమన్నాడు, చల్లదనం కిందికి దిగుతుందని. నా ప్లానులో అది లేదు. వేసుకున్నాను.

రెండు సాయంత్రాల్లో కట్టాం. ఆ తర్వాతి ఆదివారాల్లో మగ్గం ఆగిన లెక్క నా పుస్తకంలో ఇప్పటికీ ఉంది: పందొమ్మిది, పద్నాలుగు, పదకొండు, ఎనిమిది, ఏడు. దాని పక్క కాలంలో గోడ గీతలు: ముప్పై ఆరు, ముప్పై, ఇరవై ఆరు. ఒకటి దిగడానికి ఇంకొకటి ఎక్కాల్సిన పని లేకుండా రెండూ దిగాయి.

ఉగాదికి రెండు రోజుల ముందు ముప్పై రెండు షీట్లూ ఇంజనీరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన కోస్తా వైపు మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఒక్కో షీటునూ కిటికీ వెలుతురుకు పట్టి చూస్తున్నారు. ఆనకట్ట షీటు దగ్గర ఆగారు. దాన్ని వాలుగా పట్టి, కన్ను దగ్గరికి తెచ్చుకున్నారు.

“దీనికి బూజు పట్టిందా?”

“పట్టింది సార్.”

“ఎవరు తుడిచారు?”

అబద్ధం చెబుదామని ఒక్క క్షణం అనిపించింది. ఇంటికి తీసుకుపోయిన గుడ్డలను జాగ్రత్త చేసుకోలేదని తేలితే ఆ పోస్టు రెండోవాడికి పోతుంది. కానీ ఆ తుడుపు నాది అని చెప్పుకోవడానికి నోరు రాలేదు.

“నేను కిరాయికున్న ఇంటాయన సార్. నేతపని చేస్తడు. గంజి కుంచెతో తుడిచిండు.”

ఆయన ఇంకోసారి వాలుగా పట్టి చూశారు. “ఒక్కచోట కూడా వెనక్కి పోలేదయ్యా కుంచె” అన్నారు. ఆ తర్వాత బీరువా తెరిచి, రెండేళ్ల కిందటి బూజు పట్టిన షీట్లు ఏడు తీసి నా చేతిలో పెట్టారు. “ఇవి పారేద్దామనుకున్నాను. ఆయన చూస్తారేమో అడుగు. డబ్బు దఫ్తరు ఇస్తుంది. నువ్వు ఇక్కడే ఉంటావు కాబట్టి నువ్వే చూసుకో.”

నన్ను ఉంచుకున్నారన్న సంగతి నాకు తెలిసింది అలాగే. రెండో ట్రేసరును ఇంకో జిల్లాకు పంపారు. సాయంత్రం ఇంటికొచ్చి పెద్దవ్వకు చెప్పాను. ఆమె సంతోషంతో లేచి, “అయితే ఇగ గోడకు నీళ్లు పొయ్యొచ్చా?” అంది. “వద్దు పెద్దవ్వా!” అని నేను అరిచాక గానీ ఆమె నవ్వుతోందని చూసుకోలేదు.

ఆ గదిలో ఇంకా రెండేళ్లున్నాను. తర్వాత ఆదిలాబాద్ వైపు బదిలీ అయింది. పోయిన ఏడాది పని మీద కరీంనగర్ వచ్చినప్పుడు వాడకు పోయాను. నా గదిలో ఇప్పుడు నూలు పెట్టుకుంటున్నారు. గోడకు ఎన్నిసార్లు సున్నం వేశారో, ఆఖర్లో నేను గీసిన పెన్సిలు గీతలున్న జానెడు వెడల్పు మేర మాత్రం వదిలేశారు.

మగ్గం గదిలో తొట్టి పక్క గోడ మీద ఒక కొత్త గీత కనిపించింది. నీలి రంగుది.

“ఏంది పెద్దబాపూ గిది?”

“నీ లెక్కనే. తొట్టి సల్లదనానికి గీ గోడ జర చెమ్మవడ్తది. తడి గీడికి దిగితే ఇంకో బిందె పొయ్యాలె.”

“నీ చెయ్యికి తెల్వదా?”

ఆయన వేళ్లు ముడిచి తెరిచి చూపించాడు. కణుపులు ఉబ్బి ఉన్నాయి. “తెలుస్తది. గని చెయ్యి కూడ ముసల్దయితుంది గద బిడ్డా. జర జల్ది చెప్తలే.”

నా జేబులో ఎప్పుడూ మడతస్కేలు ఉంటుంది. తీసి గీత ఆ కొసన కొలిచాను. ఇరవై రెండు అంగుళాలు. మధ్యలో కొలిచాను. ఇరవై రెండు. ఈ కొసన కొలిచాను. ఎనిమిదడుగుల పొడవున ఎక్కడ పెట్టినా ఇరవై రెండే. దేనితో గీశావని అడిగాను. నీలిమందులో ముంచిన పోగు ఒకటి ఆ కొస పెద్దవ్వ, ఈ కొస ఆయన పట్టుకొని, బిగలాగి, ఒక్కసారి గోడకు తాకించారట. స్కేలు మడిచి జేబులో పెట్టుకొని, ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చునే దాకా అక్కడే నిలబడ్డాను.